గాలి చొరబడని కళ్ళద్దాలు

నేను ఏడుస్తున్నానని మా కన్సల్టెంటు అనుకున్నాడు. ఆపరేషన్ థియేటర్ పక్కన రోగులకి మత్తిచ్చే చిన్న గదిలో సిరంజి పట్టుకుని నిలబడి ఉన్నాను. రెండు కళ్ళ నుంచీ ధారగా నీళ్ళు. ముక్కు సంగతి సరేసరి. ఆయన కోటు జేబులోంచి ఇస్త్రీ మడత నలగని రుమాలు తీసి నా చేతికిచ్చి, "డాక్టర్, ఇంటి దగ్గర ఏమైనా ఇబ్బందా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

"లేదండీ, సైకిలు," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. ఇంగ్లీషు పెద్దమనుషుల్లో నేను చూసిన గొప్ప సుగుణం ఏమిటంటే, అర్థం కానిదాన్ని రెండోసారి అడగరు. అర్థమైనట్టు తలాడించి, మన గురించి ఒక అభిప్రాయం ఏర్పరచుకుని పక్కకి వెళ్ళిపోతారు. ఆయన కూడా అలాగే వెళ్ళిపోయాడు. రుమాలు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

డెబ్బైల మొదట్లో మాట ఇది. షెఫీల్డ్‌లో మావారు పనిచేసే ఆసుపత్రి ఆవరణలోనే డాక్టర్లకిచ్చే ఫ్లాట్లు ఉండేవి. మా కాపురం అందులో. ఆయన సర్జరీలో రిజిస్ట్రారు, అంటే విభాగానికి పెద్ద అయిన కన్సల్టెంటు కింద పనిచేసే డాక్టరు. ఫెలోషిప్ పరీక్షకి చదువుతున్నారు, అంటే గుండెల మీద లావుపాటి పుస్తకం పెట్టుకుని నిద్రపోతున్నారు. నేను మత్తు డాక్టర్ని. నాకు ఉద్యోగం దొరికిన ఆసుపత్రి ఊరికి రెండో చివర ఉంది. మధ్యలో ఒక కొండ ఎక్కాలి, దిగాలి, ఎందుకైనా మంచిదని ఇంకోటి ఎక్కాలి. పొద్దున మొదటి బస్సు పట్టుకున్నా, ఊరి మధ్యలో ఇంకో బస్సు మారి నేను చేరేసరికి రోగి కడుపు కోసి ఉంటారు. అందుకని సైకిలు కొనుక్కున్నాను. గుంటూరులో మెడికల్ కాలేజీకి ఐదేళ్ళు సైకిలు మీదే వెళ్ళినదాన్ని, నాకు అదేమీ కొత్త కాదు. కొత్తదల్లా చలి.

మాకు కారు లేక కాదు. ఉంది. అది మావారి ఆన్‌కాల్ కోసమని ఉంచిన కారు. ఫ్లాట్ల వెనక ఖాళీ స్థలంలో బానెట్ మీద రగ్గు కప్పుకుని పడుకుని ఉండేది. ఆ రగ్గు నేను దేశం నుంచి బయల్దేరేటప్పుడు, "అక్కడ ఎముకలు కొరికే చలట, కప్పుకో తల్లీ," అని మా అమ్మ కొనిచ్చింది. ఇంజను చల్లబడితే అర్జంటు కేసు వచ్చినప్పుడు స్టార్టు కాదని ఎవరో చెబితే మావారు దాన్ని తీసుకెళ్ళి కారుకి కప్పారు. ఆ ఎవరో ఎవరన్నది ఇప్పుడు చెబుతాను.

మా ఫ్లాట్లలో ఉన్న తెలుగు డాక్టర్లందరికీ ఒక పెద్దాయన ఉండేవారు. అందరికంటే ముందొచ్చారు, అదే ఆయన అర్హత. మగవాళ్ళు ఆయన్ని గురువుగారూ అనేవారు, ఆడవాళ్ళం అన్నయ్యగారూ అనేవాళ్ళం. కోటు ఎంత పొడుగుది కొనాలి, కన్సల్టెంటు గుడ్ మార్నింగ్ అంటే ఏమనాలి, ఏ పరీక్ష ఏ ఊళ్ళో రాస్తే పాసవుతారు, అన్నిటికీ ఆయన తీర్పే తీర్పు. ఆయన మాత్రం ఏ పరీక్షా పాసైన గుర్తు లేదు. వచ్చిన మొదటి చలికాలంలోనే ఆయన ఒక సిద్ధాంతం కనిపెట్టారు. చలి అంటే గాలి. గాలి చొరబడే సందు మూసేస్తే చలి లేదు. అందుకని మా ఫ్లాట్లలో కిటికీలన్నిటికీ నాలుగు వైపులా వార్డులోంచి తెచ్చిన, గాయాల కట్లకి వేసే స్టిక్కింగ్ ప్లాస్టరు అతికించి ఉండేది. పొద్దున లేచి చూస్తే అద్దాల లోపలి వైపు నీళ్ళు కారుతూ, కింద చెక్క నల్లగా బూజు పట్టి ఉండేది. "చూశారా, బయటి చెమ్మ ఎలా దూరి వస్తోందో! ఇంకో వరస వెయ్యండి," అనేవారు పెద్దాయన. ఎమ్‌బీబీఎస్‌లు చదివిన మగవాళ్ళంతా ఇంకో వరస వేసేవారు.

ఇక నా కళ్ళు. డిసెంబరు పొద్దున్న ఏడింటికి షెఫీల్డ్‌లో ఇంకా చీకటే. కొండ మీంచి సైకిలు వదిలేస్తే కింద దాకా తొక్కక్కర్లేదు, దానంతటదే పోతుంది. ఆ గాలి సూదుల్లా కళ్ళల్లో గుచ్చుకునేది. నీళ్ళు వచ్చేవి, వచ్చినవి చెంపల మీద చురుక్కుమనేవి, రెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకునేవి. ఆసుపత్రి చేరి వెచ్చటి గదిలోకి వచ్చాక ధార మొదలయ్యేది. పావుగంట దాకా ఆగేది కాదు. మత్తు డాక్టరు చెయ్యవలసిన మొదటి పని రోగి చేతి మీద నరం చూసి సూది ఎక్కించడం. ఒకరోజు ఒక ముసలాయనకి తాడంత నరం ఉండగా, రెండుసార్లు పక్కన గుచ్చాను. ఆయన పాపం, "కంగారు లేదులే లవ్," అని, ఆ ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా పిలిచే పిలుపుతో నన్నే ఓదార్చాడు. కన్సల్టెంటు వచ్చి నా చేతిలోంచి సిరంజి తీసుకున్నాడు.

కేసయ్యాక చెప్పాడు. "క్రిస్మస్ దాకా చూస్తాను. తర్వాత ఉదయం ఆపరేషన్ల లిస్టుకి దగ్గర్లో ఉండేవాళ్ళని వేసుకుంటాను. మీరు మధ్యాహ్నాలు రావచ్చు."

మధ్యాహ్నం లిస్టంటే పిల్లలకి పళ్ళు పీకేటప్పుడు మత్తివ్వడం. పెద్ద ఆపరేషన్లన్నీ ఉదయమే. అవి చెయ్యకుండా రిజిస్ట్రారు ఉద్యోగానికి అప్లికేషను పెట్టినా, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పవలసింది ఈయనే. వసంతంలో ఆ ఖాళీ వస్తుందని అందరికీ తెలుసు. నాకది కావాలి. మావారి ఫెలోషిప్ లాగా దేవుడెప్పుడిస్తే అప్పుడు కాదు, ఆ వసంతానికే కావాలి. అడ్డం వచ్చింది నా చదువూ కాదు, నా చెయ్యీ కాదు, కొండ మీంచి దిగేటప్పుడు కళ్ళల్లో కొట్టే గాలి. తలుచుకుంటే ఒళ్ళు మండేది.

మావారితో చెప్పాను. ఆయన పుస్తకం మీంచి తలెత్తి, లోపలికి వెళ్ళి, ఓడ ఎక్కేటప్పుడు మద్రాసులో కొనుక్కున్న నల్లకళ్ళద్దాలు తెచ్చి ఇచ్చారు. పొద్దున ఏడింటికి బయట చీకటండీ అన్నాను. "మెల్లగా వెళ్ళు," అన్నారు. వెళ్ళాను కూడా. మొదటి మలుపులో దీపస్తంభాన్ని పలకరించి, వాటిని జేబులో వేసుకున్నాను.

పెద్దాయన భార్య, మేం వదినగారూ అనేవాళ్ళం, ఆవిడ కళ్ళల్లో ఒక్కో చుక్క ఆముదం వేసుకోమంది. "చలవ చేస్తుందమ్మా." చలవ చేస్తే నాకేం ఒరుగుతుంది, నేను చచ్చేది చలితోనే కదా! అయినా ఆవిడ ప్రేమగా సీసా చేతిలో పెడితే కాదనలేక వేసుకున్నాను. ఆ పూట షెఫీల్డ్ అంతా నెయ్యి పూసిన అద్దంలోంచి చూసినట్టు కనిపించింది. నర్సు నా కళ్ళలోకి చూసి, రాత్రి పార్టీకి వెళ్ళారా డాక్టర్ అంది.

ఇలా కాదని శనివారం నేనే బజారుకి వెళ్ళాను. మోటారు సైకిళ్ళ సామాన్లమ్మే కొట్టు ఒకటి రైల్వే స్టేషను దగ్గర ఉండేది. కొట్టువాడు నన్ను చూసి, "మీ ఆయనకా?" అన్నాడు. నాకే అన్నాను. "ఏ మోటారు సైకిలు?" సైకిలే అన్నాను. అతను వెనక గదిలో ఉన్న భార్యని, వచ్చి చూడమని కేకేశాడు. ఇద్దరూ కౌంటరు అవతల నిలబడి, చీర మీద మగకోటు తొడుక్కున్న మనిషి గాగుల్స్ పెట్టుకోవడం తీరిగ్గా చూశారు. చూడనీ అనుకున్నాను.

ఉన్నవన్నీ దింపించాను. విమానం నడిపేవాళ్ళు వాడి పారేసిన రకం ఒకటి, తోలుతో, లోపల బొచ్చుతో. పెట్టుకుంటే ముక్కు మీద కుంకుడు గింజ పెట్టి నొక్కినంత నొప్పి. మంచు మీద జారే ఆటలకి వాడే పసుపు రంగు అద్దాలు; చీకట్లో పనికిరావు. ఇంకొకటి చిన్నది, రెప్ప కొట్టినప్పుడల్లా వెంట్రుకలు అద్దానికి తగులుతున్నాయి. నాకు కావలసినవి ఇవీ అని అక్కడ నిలబడే తేల్చుకున్నాను. అద్దం తెల్లగా ఉండాలి. పక్కల నుంచి గాలి రాకుండా చెంప దాకా రావాలి. కంటికీ అద్దానికీ మధ్య చోటుండాలి. నా ముక్కుకి ఆనాలి. ఇంగ్లీషు ముక్కుకి చేసినవి నాకు వంతెనల్లా నిలబడుతున్నాయి. చివరికి దొరికింది ఒకటి, చుట్టూ మెత్తటి రబ్బరు, వెడల్పు పట్టీ. పైనా కిందా రబ్బరుకి సూదితో పొడిచినంత చిల్లులు వరసగా ఉన్నాయి. అదే కొన్నాను. ఆ శనివారం సాయంత్రం నా అంత తెలివైనది ఊళ్ళో లేదనిపించింది.

మర్నాడు ఆదివారం. ఆదివారం మధ్యాహ్నం తెలుగువాళ్ళం అందరం పెద్దాయన ఫ్లాటులో భోజనం చెయ్యడం రివాజు. భోజనాలయ్యాక మగవాళ్ళు ముందు గదిలో చలి కాచుకునే గ్యాస్ మంట చుట్టూ అర్ధచంద్రాకారంగా కూర్చునేవారు. అందులోనూ వరస ఉండేది. మంటకి దగ్గరగా పెద్దాయన. తర్వాత పరీక్ష మొత్తం పాసైనవాళ్ళు. తర్వాత సగం పాసైనవాళ్ళు. తలుపు దగ్గర, కాళ్ళకి గాలి కొట్టే చోట, నిన్న మొన్న ఓడ దిగినవాళ్ళు. మావారిది మధ్య కుర్చీ. ఆడవాళ్ళం వంటింట్లో. నేనూ డాక్టర్నే, ఆ తలుపు దగ్గర కూర్చున్న కొందరికంటే సీనియర్ని కూడా. కానీ ఆ ఇంట్లో నేను వంకాయలు తరిగే డాక్టర్ని.

ఎవరేం కొన్నా ఆ గ్యాస్ మంట ముందు చూపించి తీరాలి. మావారు నా గాగుల్స్ జేబులోంచి తీసి, దేవుడి ప్రసాదంలా రెండు చేతులతో అందించారు. పెద్దాయన దీపం కేసి ఎత్తి చూశారు. రబ్బరు వంచి చూశారు. ఆయన మొహం మారిపోయింది.

"అమ్మాయీ, ఇలా రామ్మా," అని కేకేశారు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళాను. "ఏంటమ్మా ఇది? వాడు నీకు చిల్లుల సరుకు అంటగట్టాడే! చూడండయ్యా, పైనా కిందా అన్నీ బెజ్జాలే. మనవాళ్ళంటే వీళ్ళకి ఎంత అలుసైపోయిందో చూడండి. ఇండియన్ కదా, ఏదిచ్చినా కళ్ళకద్దుకుని తీసుకుపోతుందనుకున్నాడు."

గది గదంతా భగ్గుమంది. ఇలాంటి అవమానాలు ఎవరికెప్పుడు జరిగాయో తలా ఒకటి చెప్పారు. అవన్నీ నిజంగా జరిగినవే, అదే నాకు చిరాకు. నిజంగా జరిగిన అవమానాలన్నీ తెచ్చి, ఏ పాపం ఎరుగని నా గాగుల్స్ మీద పోశారు.

"కావాలనే పెట్టారేమో అన్నయ్యగారూ," అన్నాను. "వరసగా ఉన్నాయి కదా చిల్లులు."

పెద్దాయన నవ్వారు. "కావాలని చిల్లులు పెట్టేది జల్లెడకమ్మా!"

అందరూ నవ్వారు. మావారు కూడా నవ్వారు.

ఆ తర్వాత జరిగింది నేను చచ్చేదాకా మర్చిపోను. వదినగారు బల్ల తుడిచింది. ఎవరో స్టిక్కింగ్ ప్లాస్టరు చుట్ట తెచ్చారు, ఎవరో కత్తెర తెచ్చారు. మావారు చొక్కా చేతులు మడిచారు. నలుగురు డాక్టర్లు వంగి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ నా గాగుల్స్‌కి ఆపరేషన్ చేశారు. చెప్పకూడదు గానీ మావారి చేతి పని చక్కగా ఉంటుంది. ప్లాస్టరు సన్నటి పీలికలుగా కత్తిరించి ఒక్కో చిల్లునీ కుట్టు వేసినంత ఒద్దికగా మూసేశారు. ఆ చేతులకి పరీక్ష పెట్టేవాళ్ళెవరైనా ఆ పూట చూసుంటే అక్కడికక్కడే పాస్ చేసుండేవారు. అంతా అయ్యాక పెద్దాయన వాటిని పెట్టుకుని, గ్యాస్ మంటకి ఎదురుగా కూర్చుని, అటూ ఇటూ తల తిప్పి, "ఒక్క పిసరు గాలి లేదు!" అన్నారు. మంట ముందు కూర్చున్నవాడికి గాలి లేదంటే కాదనేదెవరు?

"మఫ్లరు ముక్కు మీదుగా గాగుల్స్ అంచు దాకా లాగి కట్టుకోమ్మా. ఎక్కడా సందు ఉండకూడదు," అని కూడా చెప్పారు.

సోమవారం అలాగే కట్టుకుని బయల్దేరాను. గేటు దాటి రెండు వీధులు వెళ్ళేసరికి పొగమంచు కమ్మేసింది. ఆ ఊళ్ళో పొగమంచుకి కొదవ లేదు కాబట్టి నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. వీధి దీపాలు ముందు మసకబారాయి, తర్వాత పచ్చటి మరకలయ్యాయి, ఆ తర్వాత అవీ లేవు. ఎదురుగా ఎవరైనా వస్తారేమోనని గంట కొట్టడం మొదలుపెట్టాను. కొడుతూనే మెల్లగా తొక్కాను. అలా తొక్కడం కూడా భయం వేసి దిగి, పేవ్‌మెంటు అంచు కాలితో తడుముకుంటూ, గంట మాత్రం ఆపకుండా నడిచాను.

"ఎవరి కోసం లవ్ ఆ గంట? రోడ్డు మీద నేను తప్ప పురుగు లేదు," అని పక్క నుంచి ఒక మగగొంతు వినిపించింది.

గాగుల్స్ పైకి నెట్టి చూశాను. పాలవాడు, చేతిలో సీసాలు. వాడి వెనక వీధి చివరి దాకా గీసినట్టు స్పష్టంగా ఉంది. ఆకాశంలో నక్షత్రాలు కూడా కనిపిస్తున్నాయి. పొగమంచు ఊళ్ళో లేదు. నా గాగుల్స్‌లో ఉంది.

ఆ రోజు నేను చేరేసరికి మొదటి రోగికి మత్తు కన్సల్టెంటే ఇచ్చేశాడు. నన్ను చూసి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "శుక్రవారం పెద్ద కడుపు ఆపరేషన్ ఉంది. అది మీరు మొదలుపెట్టగలిగితే సరే. లేకపోతే క్రిస్మస్ దాకా ఆగడం ఇద్దరికీ అనవసరం," అన్నాడు.

సాయంత్రం మావారు పెద్దాయనని మా ఫ్లాటుకి పిలుచుకొచ్చారు. ఆయన గాగుల్స్ లోపలి తడిని వేలితో తాకి చూశారు, వేలు వాసన చూశారు. "లోపలికి నీళ్ళొచ్చాయంటే ఇంకా ఎక్కడో లీకుంది," అన్నారు. ప్లాస్టరు మీద ప్లాస్టరు వేయించారు. రబ్బరు అంచు మొహానికి ఆనే చోట చుట్టూ వాజలీను రాయమన్నారు. కాఫీ తాగారు. తాగి, కప్పు కింద పెట్టి, అసలు మాట అప్పుడు బయటపెట్టారు.

"నా మాట విను చెల్లెమ్మా. ఈ చలిలో ఆడపిల్లకి ఈ సైకిళ్ళూ, ఈ పరుగులూ ఎందుకు చెప్పు? నాలుగు రోజులు మధ్యాహ్నం లిస్టులే చేసుకో. అబ్బాయి పరీక్ష గట్టెక్కనీ. ముందు ఒకళ్ళు నిలదొక్కుకుంటే ఇంట్లో అందరూ నిలదొక్కుకున్నట్టే."

నేను మావారి వైపు చూశాను. ఆయన గాగుల్స్ పట్టీ సరిచేస్తున్నారు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. అది నన్ను బాధ పెట్టింది. పెద్దాయన మాటలకి నాకు కోపమే వచ్చింది, బాధ రాలేదు. ఆయన ఎవరు నాకు? ఈ మనిషి నా పుస్తకాలు చూసి పరీక్షలు రాసిన మనిషి. కాలేజీలో నా సైకిలు వెనకే సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మనిషి. ఆయన నోట్లోంచి ఒక్క ముక్క రాకపోవడం ఆ రోజు నాకు చలికంటే ఎక్కువ కొట్టింది.

మంగళవారం, బుధవారం గాగుల్స్ లేకుండానే ఏడుస్తూ వెళ్ళాను, ఏడుస్తూ పనిచేశాను.

బుధవారం సాయంత్రం వంట చేస్తూ పోపులో ఎండుమిరపకాయలు మాడ్చాను. కోపంతో చేసే వంట అలాగే ఉంటుంది. సందు అన్నది లేని ఫ్లాటు కదా, ఆ ఘాటు ఎక్కడికి పోతుంది? మావారు పుస్తకం వదిలేసి దగ్గుకుంటూ వరండాలోకి పారిపోయారు. నేను కళ్ళు మూసుకుని, వంటింటి కిటికీ చుట్టూ ఉన్న ప్లాస్టరు చర్రున లాగేసి, అంగుళం మేర పైకెత్తాను. ఘాటు పోయింది. కిటికీ మళ్ళీ వెయ్యడానికి బద్ధకించి అలాగే పడుకున్నాను.

గురువారం పొద్దున లేచి చూస్తే పడకగది అద్దం మీద ఎప్పటిలాగే నీళ్ళు కారుతున్నాయి. ముందు గదిలోనూ అంతే. వంటింటి అద్దం మాత్రం పొడిగా ఉంది. అవతల ఆవరణ దీపం వెలుగులో కారూ, దాని మీద మంచు పట్టిన మా అమ్మ రగ్గూ శుభ్రంగా కనిపిస్తున్నాయి. ఆ గాజు మీద వేలు పెట్టి చూశాను. తర్వాత పడకగది గాజు మీద వేలు పెట్టి చూశాను. రెండో వేలు తడిసింది.

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళంతా మంటెత్తింది. రోజూ పొద్దున్నే రోగి మొహం మీద మాస్కు పెట్టేదాన్ని నేను. ఆ మాస్కుకి ఒక వాల్వు ఉంటుంది. మనిషి వదిలిన ఊపిరి బయటికి పోవడానికి దారి. అది మూసుకుపోతే ఏమవుతుందో అనస్థీషియాలో మొదటి రోజు పాఠం. ఆ గ్యాస్ మంట చుట్టూ ఛాతీ డాక్టర్లున్నారు, సర్జన్లున్నారు, నేనున్నాను. అందరం కలిసి మనిషి ఊపిరిలో తడి ఉంటుందన్న సంగతి మర్చిపోయి, బయటి చెమ్మ లోపలికి దూరుతోందని కిటికీలకీ కళ్ళకీ ప్లాస్టర్లేసుకుని కూర్చున్నాం! ఎండ దేశంలో పుట్టినవాళ్ళం, చలి అంటే దొంగలా బయటి నుంచి వచ్చేదే అనుకున్నాం.

మావారి కుట్లు విప్పే కత్తెర తీసుకుని, ఆయన అంత ముచ్చటగా అతికించిన పీలికలన్నీ ఒక్కొక్కటే లాగేశాను. చిల్లుల్లో ఇరుక్కున్న జిగురు పిన్నీసుతో తీశాను. మఫ్లరు ముక్కు కిందికి దించి, ఊపిరి కిందికి పోయేలా కట్టుకున్నాను. కొండ మీద నిలబడి సైకిలు వదిలాను. ముక్కు ఊడిపోతుందేమో అనిపించింది గానీ కళ్ళకి ఏమీ కాలేదు. దీపాలు దీపాల్లాగే ఉన్నాయి. అద్దం అంచున కొంచెం మసక వచ్చింది, దానంతటదే పోయింది. కింద దాకా వెళ్ళేసరికి సంతోషం పట్టలేక గట్టిగా నవ్వాను. అదే పాలవాడు తల తిప్పి చూశాడు. ఈసారి నేను గంట కొట్టలేదు.

శుక్రవారం పెద్ద కేసు నేనే మొదలుపెట్టాను. సూది మొదటిసారే నరంలోకి వెళ్ళింది. కన్సల్టెంటు గోడకి ఆనుకుని నిలబడి, ఆపరేషన్ సగం దాకా చూసి, ఏమీ అనకుండా కాఫీకి వెళ్ళిపోయాడు. మత్తు డాక్టరుకి అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. ఉదయం లిస్టు నాకే ఉండిపోయింది. వసంతంలో రిజిస్ట్రారు ఉద్యోగం కూడా వచ్చింది. అది ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా కోపం దాంతో తీరలేదు.

ఆ శుక్రవారమే, కేసయ్యాక, టీ తాగుతూ ఆయన నా గాగుల్స్ చేతిలోకి తీసుకుని చూశాడు. "మంచి వస్తువు. మీవారు కూడా సైకిలు మీదే వెళతారా?" అన్నాడు.

"లేదండీ. మేముండేది ఆయన ఆసుపత్రి ఆవరణలోనే. నడిచి వెళతారు."

"ఓ, అయితే కారు లేదన్నమాట."

"ఉందండీ."

ఆయన చెంచాతో టీ కలిపాడు. రెండో ప్రశ్న అడగలేదు. ఇందాక చెప్పానే, ఆ సుగుణం. కానీ ఈసారి ఆయన ఏర్పరచుకున్న అభిప్రాయం ఏమిటో నాకు మొహం మీదే కనిపించింది. అది తప్పు కాదు కూడా.

సైకిలు తొక్కుకుంటూ ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచించాను. నెల్లాళ్ళ నుంచి ఆ ఫ్లాట్లలో అందరూ నా కళ్ళ గురించే మాట్లాడారు. నల్లద్దాలన్నారు, ఆముదమన్నారు, ప్లాస్టరన్నారు, వాజలీనన్నారు, చివరికి ఉద్యోగం తగ్గించుకోమన్నారు. కారన్న మాట ఒక్కరి నోటా రాలేదు. నన్ను దింపి వస్తే మావారికి అరగంట పట్టేది. అరగంట ముందు లేవాలన్న ఆలోచన రాకుండా ఉండటానికి ఇంతమంది డాక్టర్లు ఇన్ని వైద్యాలు చేశారు.

ఆదివారం గ్యాస్ మంట ముందు పెద్దాయన మంచి హుషారుగా ఉన్నారు. "శుక్రవారం కేసు బ్రహ్మాండంగా చేసిందట మా చెల్లెమ్మ. చెప్పానా, ఆ చిల్లులు మూస్తే అంతా సర్దుకుంటుందని!"

నేను పిలవకుండానే వంటింట్లోంచి వచ్చాను. గాగుల్స్ ఆయన చేతిలో పెట్టాను. "ప్లాస్టరు తీసేశానండీ. అందుకే కనిపించింది."

ఆయన చిల్లుల వంక చూశారు. "వాజలీను పనిచేసిందన్నమాట," అన్నారు.

ఇక ఆయనతో పని లేదని మావారి వైపు తిరిగాను. "ఏవండీ, మంచు ఎక్కువ పడిన రోజున నన్ను కారులో దింపండి. దింపి వచ్చినా మీ రౌండుకి బోలెడు టైముంటుంది."

మావారు నా వైపు చూడలేదు. పెద్దాయన వైపు చూశారు.

"పొద్దున్నే, ఆ చలిలో ఇంజను తీస్తే దెబ్బ తింటుందయ్యా," అన్నారు పెద్దాయన, గాగుల్స్ ఒళ్ళో పెట్టుకుని. "కావాలంటే దానికి ఇంకో రగ్గు వెయ్యి."

నేను గాగుల్స్ తీసుకుని కిందికి వెళ్ళాను. కారు మీంచి రగ్గు లాగితే రాలేదు. మంచుతో కలిసి అట్ట కట్టుకుపోయి ఉంది. రెండు చేతులా పట్టుకుని, కాలు బంపరుకి తన్నిపెట్టి లాగాను. ఊడొచ్చింది. పెట్రోలు వాసన. పైన కిటికీల వెనక మొహాలు ఉండి ఉంటాయి, కానీ ఆ అద్దాలు చెమర్చి ఉన్నాయి కదా, వాళ్ళకేం కనిపించి ఉంటుంది? రగ్గు ఇంటికి తెచ్చి స్నానాల తొట్టిలో ఉతికాను. ఇల్లంతా తిరిగి కిటికీలన్నిటి ప్లాస్టర్లూ పీకేశాను.

సాయంత్రం మావారు వచ్చి, తొట్టి మీద ఆరేసిన రగ్గు అంచు పట్టుకుని చూశారు.

"మరి ఇంజనుకి చలెయ్యదూ?" అన్నారు.

"వేస్తే వాళ్ళమ్మ కొనిస్తుంది లెండి," అన్నాను. "ఇది మా అమ్మ నాకు కొనిచ్చింది."